బండికీ ఓ ఫ్లాష్‌బ్యాక్ ఉంటుంది!

సినిమాల్లో కారు కొనడం ఎంత తేలికో ఎప్పుడైనా గమనించారా? పాట మొదలయ్యేసరికి హీరోగారు సిటీ బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడుతుంటాడు. రెండో చరణానికి చేతిలో తాళాలు గలగలమంటాయి. మూడో చరణంలో హీరోయిన్ పక్క సీట్లో కూర్చుని జుట్టు గాలికి వదిలేస్తుంది. ఆ కారు ఎవరి దగ్గర కొన్నాడు, ఎంతకు కొన్నాడు, ఆర్సీ ఎవరి పేరున ఉంది, లీటరుకు ఎంత ఇస్తోంది... ఇవేవీ మనకు చెప్పరు. చెబితే మనం వినం కూడా! టిక్కెట్టు కొన్నది అందుకు కాదు గదా.

ఒక్క సినిమా మాత్రం పాత కారు కొనడంలోని కష్టాన్ని సూటిగా చూపించింది. 2018లో వచ్చిన 'టాక్సీవాలా'. రాహుల్ సంకృత్యన్ దర్శకుడు. అందులో విజయ్ దేవరకొండ చవగ్గా వచ్చింది కదా అని పాత కాంటెస్సా కారు కొంటాడు. తీరా చూస్తే కారులో దయ్యం! హాల్లో అందరితో పాటు నేనూ భయపడ్డాను, నేనూ నవ్వాను. కానీ ఈ మధ్య పెదవేగి వెళ్లొచ్చాక నాకో సంగతి అర్థమైంది. ఆ సినిమాలో దయ్యం ఒక్కటే కల్పన. మిగతాదంతా నిజమే!

తారల కబుర్లు చెప్పే ఈ శీర్షికలో కార్ల గొడవేమిటని ముఖం చిట్లించకండి. ఈ పేజీ చదివే మీలో చాలామంది ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్నవాళ్లు. ఇంట్లోకి మొదటి బండి తెచ్చేది మీరే. అందులో సగం మంది తెచ్చేది పాత బండే. కాబట్టి ఈ వారం కథ మీదే అనుకోండి.

పెదవేగి అంటే ఏలూరుకు పన్నెండు పదమూడు కిలోమీటర్ల దూరం. ఇప్పుడు చూస్తే పామాయిల్ తోటలు, కోకో, కొబ్బరి, మొక్కజొన్న. ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉన్నది కూడా ఇక్కడే. కానీ ఈ ఊరికి పెద్ద ఫ్లాష్‌బ్యాక్ ఉంది. శాలంకాయనుల రాజధాని ఇదే. వేంగి అని మనం పాఠాల్లో చదివింది ఈ మట్టి గురించే. తర్వాత తూర్పు చాళుక్యులూ ఇక్కణ్ణుంచే ఏలారు. ఊళ్లో ధనమ్మదిబ్బ తవ్వితే పాత కట్టడాలు బయటపడ్డాయి. పైకి చూస్తే మామూలు దిబ్బ. లోపల ఏముందో తవ్వితేనే తెలిసింది. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

మా పిన్ని వాళ్లది ఆ ఊరే. బాబాయికి నాలుగెకరాల పామాయిల్ తోట. తమ్ముడికి ఇరవై నాలుగేళ్లు, ఏలూరులో ఉద్యోగం. కొత్త సినిమా వస్తే మొదటి ఆట మొదటి వరసలో ఉండే బాపతు. పిన్నికి నిరుడు మోకాలి ఆపరేషన్ అయింది. మోటారు సైకిల్ ఎక్కలేదు. షేరాటోలో కాలు ముడుచుకుని కూర్చోలేదు. ఏలూరు ఆస్పత్రికి వెళ్లాలంటే ప్రతిసారీ కారు మాట్లాడుకోవాలి. అద్దెలు కట్టీకట్టీ విసిగి, గెలలమ్మిన డబ్బులో కూడబెట్టిన రెండున్నర లక్షలు బాబాయి మంచం మీద పెట్టి, "ఇంతకు మించి పైసా లేదు. దీంట్లో ఏ బండి వస్తే అది చూడండి" అన్నాడు.

తమ్ముడు నాకు ఫోను చేశాడు. "అన్నయ్యా, నువ్వు విలేకరివి గదా, నాలుగు ప్రశ్నలు అడగడం తెలుసు. ఒకసారి వచ్చిపో" అన్నాడు. ఇంటర్వ్యూల్లో నేనడిగేది "మీకు ఇష్టమైన రంగేమిటి?" లాంటివి. ఆ సంగతి వాడికి చెప్పకుండా బస్సెక్కాను.

ఏ బండి చూడాలన్న దగ్గర వాడికీ నాకూ మొదటి తగాదా. వాడికి పొడుగ్గా, నేలకు దగ్గరగా ఉండే సెడాన్ కావాలి. అందులో దిగినప్పుడు స్లో మోషన్ బావుంటుందిట! నేను పిన్నిని అడిగాను. "నాకు కారు పేర్లు తెలీవురా. కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవాలి, కుర్చీలోంచి లేచినట్టు లేవాలి. కిందకి దిగబడిపోకూడదు" అంది. ఆ ఒక్క మాటతో తేలిపోయింది. సీటు ఎత్తు, పైకప్పు ఎత్తు ఉన్న చిన్న బండి కావాలి. అంటే వ్యాగనార్.

వ్యాగన్ అనగానే మనకు గూడ్సు రైలు పెట్టె గుర్తొస్తుంది. ఈ కారూ చూడ్డానికి అలాగే ఉంటుంది లెండి. సుజుకి వాళ్లు దీన్ని జపాన్లో 1993లో మొదలుపెట్టారు. మన దేశానికి 1999 డిసెంబర్లో మారుతి ద్వారా వచ్చింది. పొడవు తక్కువ, ఎత్తు ఎక్కువ. 2010లో వచ్చిన రెండో తరం బండి తీసుకుంటే పొడవు 3.6 మీటర్లు, ఎత్తు 1.7 మీటర్లు. అంటే సందులో తిరుగుతుంది, తలపాగా చుట్టుకున్న మనిషి కూడా తల వంచకుండా కూర్చుంటాడు. ఇంజన్ 998 సీసీ, మూడు సిలిండర్లు, 68 హార్స్ పవర్. నేలకూ అడుగు భాగానికీ మధ్య 165 మిల్లీమీటర్ల ఖాళీ.

సినిమా భాషలో చెప్పాలంటే ఫ్యాక్షన్ కథలకు సుమో ఉంది. కిడ్నాపు సీనుకు మారుతి వ్యాన్ ఉంది. మంత్రిగారి పాత్రకు అంబాసిడర్ ఉండేది. వ్యాగనార్‌కు మాత్రం చెప్పుకోదగ్గ వేషం ఎవరూ ఇవ్వలేదు. అది మన నిర్మలమ్మగారి లాంటిది. ప్రతి ఇంటి కథలోనూ ఉంటుంది, పోస్టర్ మీద ఉండదు. కానీ ఇల్లు నడిచేది అలాంటివాళ్లతోనే గదా!

సరే, అసలు కథ. తమ్ముడు అప్పటికే ఒక బండి చూసి మనసిచ్చేశాడు. 2014 మోడల్ వ్యాగనార్, వీఎక్స్‌ఐ, వెండి రంగు. మీటరు మీద 48 వేల కిలోమీటర్లు. ధర 2 లక్షల 10 వేలు. అలాంటివే మరో రెండు బళ్లు అడిగితే 2 లక్షల 75 వేలకు తగ్గమన్నారు. "చూశావా అన్నయ్యా మన అదృష్టం!" అన్నాడు వాడు. తెర మీద ఎవరైనా అదృష్టం అన్నారంటే వెనకాల వీణ తీగ తెగుతుంది. నాకు ఆ చప్పుడు వినిపించింది.

ఏలూరులో ఒక ఇంటి ముందు బండి పెట్టి ఉంది. ఏమని చెప్పను! అద్దంలా మెరుస్తోంది. సీట్లకు కొత్త కవర్లు. కింద కొత్త మ్యాట్లు. అద్దానికి వేలాడుతూ మల్లెపూల వాసన వెదజల్లే సీసా. తాళం తిప్పగానే సెల్ఫ్ అందుకుంది. యజమానికి నలభై ఏళ్లుంటాయి. మెత్తని మనిషి. మంచినీళ్లిచ్చాడు, టీ ఇచ్చాడు. తమ్ముడు అడ్వాన్సు తీయడానికి జేబులో చెయ్యి పెట్టాడు. నేను ఆ చెయ్యి పట్టుకుని, "మా మేస్త్రి చూశాక చెబుతామండీ" అని బయటికి లాక్కొచ్చాను.

ఈ మేస్త్రిగారి గురించి ఒక మాట చెప్పాలి. అరవై దాటాయి. అంబాసిడర్లు, ఫియట్‌లు చేస్తూ పని నేర్చుకున్నాడు. ఏలూరులో చిన్న షెడ్డు. కబురు పెడితే వచ్చాడు గానీ, బానెట్ మీద చెయ్యేసి చూసి వెనక్కి తిరిగాడు. "ఇంజన్ వేడిగా ఉంది. వేడి మీద ఏ బండైనా బుద్ధిగానే ఉంటుంది. రేపు పొద్దున ఆరింటికి, ఎవరూ స్టార్ట్ చేయకముందు వస్తా" అన్నాడు. వెళుతూ వెళుతూ ఇంకో మాటన్నాడు. "కడిగిన బండిని నమ్మకు బాబూ. కడగని చోటు చూడు."

మర్నాడు పొద్దున ఆరింటికి జరిగింది నేను పరీక్ష అనను, పోస్టుమార్టం అంటాను. మీరూ నేర్చుకోండి, పైసా ఖర్చు లేని పని.

మొదట చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయించి సైలెన్సర్ దగ్గర నిలబడ్డాడు. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోందని అర్థం. తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే రేడియేటర్ నీళ్లు లోపలికి పోతున్నాయని. నల్ల పొగైతే పెట్రోలు సరిగా కాలడం లేదని. ఇవేవీ లేవు. తమ్ముడు నావైపు గర్వంగా చూశాడు.

తర్వాత మేస్త్రి పెడల్స్ చూశాడు. 48 వేలు తిరిగిన బండికి క్లచ్ పెడల్ రబ్బరు అంతలా అరగదన్నాడు. మీటరు తిప్పి ఉండొచ్చు, లేకపోవచ్చు. ఒక్క గుర్తుతో ఎవర్నీ దొంగ అనకూడదని కూడా తనే అన్నాడు.

అప్పుడు డ్రైవరు సీటు బెల్టు పట్టుకుని చివరికంటా బయటికి లాగాడు. మనం బెల్టు పెట్టుకునేటప్పుడు సగమే లాగుతాం. మిగతా సగం ఎప్పుడూ లోపలే చుట్టుకుని ఉంటుంది. ఆ లోపలి సగం మీద అడ్డంగా ఒక గోధుమరంగు గీత! టీ గ్లాసు ఎండిపోతే అంచున మిగిలే మరకలా ఉంది. మేస్త్రి ఏమీ మాట్లాడలేదు. డిక్కీ తెరిచాడు. కార్పెట్టు ఎత్తి, స్టెపినీ బయటికి తీశాడు. ఆ గుంట మూలలో వేలు పెట్టి తుడిచి, వేలు మాకు చూపించాడు. మెత్తటి బురద. ఎండి పొడైపోయిన ఒండ్రు. ముందు సీట్ల కింద పట్టాలకున్న బోల్టులు పైనుంచి కాదు, లోపల్నుంచి తుప్పు పట్టి ఉన్నాయి. ఫ్యూజుల డబ్బా మూత తీస్తే రాగి పిన్నుల మీద పచ్చటి చిలుము. కొత్త మ్యాటు, దాని కింద కార్పెట్టు, దాని కింద స్పాంజీ... నొక్కితే మల్లెపూల వాసనను తోసుకుంటూ చెరువు వాసన వచ్చింది.

నేను నంబరు ప్లేటు చూశాను. ఏపీ 16. పాత కృష్ణా జిల్లా నంబరు. పశ్చిమగోదావరి బళ్లకు ఏపీ 37 ఉండేది. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 తెచ్చారు గానీ పాత బళ్ల నంబర్లు అలాగే ఉంటాయి. పక్క జిల్లా నంబరుంటే తప్పేమీ లేదు. కానీ ఆ బురదకూ ఈ నంబరుకూ ముడి పడింది.

"సింగ్‌నగరాండీ మీది?" అని అడిగాను.

ఆయన తల దించుకున్నాడు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సగం నీట మునిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మేడల మీద జనం, పడవల్లో పాల ప్యాకెట్లు. ఆ బుడమేరు చివరికి చేరేది మన కొల్లేట్లోకే. తమ్మిలేరూ అంతే, ఏలూరును రెండు పాయలుగా చుట్టుకుని కొల్లేట్లో కలుస్తుంది. 2020 అక్టోబర్లో ఏలూరు కాలనీలను ముంచింది అదే. ఈ నేల మీద బతికేవాళ్లకు నీళ్లు కొత్త కాదు. ఆ నీళ్లలో మునిగిన కార్లేమయ్యాయని మాత్రం మనం ఎవరం అడగలేదు. ఇదిగో, ఇలా వేలాడదీసిన మల్లెపూల సీసాతో మన ముందుకు వస్తున్నాయి.

"ఆరు రోజులు నీళ్లలో ఉందండీ" అన్నాడాయన. "ఇన్సూరెన్సు థర్డ్ పార్టీ ఒక్కటే కట్టాను. నాలుగు వేలు మిగులుతాయని. పైసా రాలేదు. అప్పు చేసి 80 వేలు పెట్టి బాగు చేయించాను. ఇది మా మావగారిల్లు. ఇక్కడైతే ఎవరూ అడగరని తెచ్చాను. ఇప్పుడు నడుస్తోంది గదండీ?"

నాకు నోట మాట రాలేదు. విలన్ని పట్టుకున్నామని అనుకున్నచోట విలన్ లేడు. మనలాంటి మనిషే ఉన్నాడు. నాలుగు వేలు మిగుల్చుకోబోయి రెండు లక్షల బండి పోగొట్టుకున్నవాడు.

అందరికంటే ముందు కరిగింది మా తమ్ముడు. "అన్నయ్యా, ఇంకో పదివేలు తగ్గిస్తే తీసుకుందాం. నడుస్తోంది గదా!" అన్నాడు.

మేస్త్రి నవ్వాడు. "రేటు తగ్గితే నీళ్లు ఆవిరవుతాయా బాబూ?"

ఆపైన ఆయన చెప్పింది శ్రద్ధగా వినండి. ఇంజన్లోకి నీళ్లు పోయినప్పుడు స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఇంజన్ పూర్తిగా విప్పి చేసుకుంటే అది బాగవుతుంది. బాగవనిది వైరింగు. ఈ కాలం బళ్లలో ఇంజన్‌కు పెట్రోలెంత పోవాలో చెప్పేది కంప్యూటర్ డబ్బా. దానికి కబురు మోసేవి సన్నటి వైర్లు. జాయింటుల్లో పట్టిన చిలుము ఒక్కరోజులో ప్రాణం తీయదు. కొద్దికొద్దిగా తింటుంది. ఒకరోజు హారను మోగదు. ఇంకో రోజు అద్దం దిగదు. ఇంకో రోజు రాత్రి హైవే మీద, వెనక లారీ వస్తుండగా, లైట్లతో సహా బండి ఆగిపోతుంది. "ఆ వెనక సీట్లో మీ అమ్మ ఉంటుంది, లేచి పరుగెత్తలేదు" అన్నాడు మేస్త్రి. తమ్ముడు చెయ్యి జేబులోంచి బయటికొచ్చింది.

వెళ్లేముందు ఆయనతో, "నీళ్లలో మునిగిందని చెప్పి అమ్మండి సార్. విడి భాగాలకు కొనేవాళ్లుంటారు. తక్కువొస్తుంది, కానీ నిద్ర పడుతుంది" అన్నాను. సరేనన్నాడు. ఆ తర్వాత ఏం చేశాడో తెలియదు. ఆయన ఇచ్చిన టీ రుచి మాత్రం ఇంకా నాలిక మీదే ఉంది, చేదుగా.

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్నారు పెద్దలు. ఆ సామెతలో సగాన్ని పేరుగా పెట్టి 1952లో సినిమా తీసిన ఎల్.వి.ప్రసాద్‌గారు పుట్టింది ఇక్కడికి దగ్గరే, ఏలూరు పక్కన సోమవరప్పాడులో. ఆయన ఇప్పుడుంటే 'పాత కారు కొని చూడు' అని ఇంకోటి తీసేవారేమో!

రెండో బండి దెందులూరు వైపు దొరికింది. రిటైరైన మాస్టారిది. 2013 మోడల్, ఎల్‌ఎక్స్‌ఐ, తెలుపు. మీటరు మీద 71 వేలు. తమ్ముడు చూసి పెదవి విరిచాడు. ఎడమ తలుపు మీద సొట్ట. బంపరు మీద గీతలు. సీటు మీద పాత తువ్వాలు. మల్లెపూలూ లేవు, మెరుపూ లేదు. ధర 2 లక్షల 30 వేలు. "మునిగిన దానికంటే ఎక్కువా!" అన్నాడు తమ్ముడు.

మాస్టారు లోపలికెళ్లి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చారు. అందులో పన్నెండేళ్ల సర్వీసు బిల్లులు, తేదీల వారీగా! ఏ బిల్లు మీద ఎన్ని కిలోమీటర్లో చూసుకుంటూ పోతే మీటరు అబద్ధం ఆడలేదని తేలిపోయింది. మేస్త్రి బెల్టు లాగాడు. శుభ్రం. స్టెపినీ గుంటలో దుమ్ముంది, ఒండ్రు లేదు. "ఈ సొట్ట ఎలా పడిందండీ?" అంటే, "మా గేటుకు నేనే కొట్టాను. నా పొరపాటే" అన్నారు మాస్టారు. తన తప్పు తనే చెప్పే యజమాని దొరికితే సగం బేరం కుదిరినట్టే.

నడిపి చూశాం. ముందు ఏలూరు బజారు. స్టీరింగ్ తేలిక. సీటు ఎత్తు కాబట్టి ముందున్న ఆటో నెత్తి మీదుగా రోడ్డు కనిపిస్తుంది. బండి నిలబడ్డప్పుడు మూడు సిలిండర్ల వణుకు కాళ్లకు తెలుస్తుంది, కదిలాక పోతుంది. ఏసీ వేసి, నలుగురం కూర్చుని వంతెన ఎక్కిస్తే మూడో గేరులో మూలిగింది. రెండో గేరుకు దించితే బుద్ధిగా ఎక్కింది. తర్వాత కైకలూరు రోడ్డు, కొల్లేటి మీదుగా. గుంతల్లో ముందు చక్రాల దగ్గర 'టక్ టక్' అని చప్పుడు. బుష్‌లు మార్చాలన్నాడు మేస్త్రి. వరదొస్తే ఆ రోడ్డు మీద నీళ్లు పారతాయి. "చక్రం సగానికి మించి నీళ్లుంటే దిగకు. మధ్యలో ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకు, తోయించు" అని తమ్ముడి చేత ఒట్టు వేయించుకున్నాడు.

చివరికి హైవే. 80 మీద హాయిగా ఉంది. 100 దగ్గర లారీ పక్కనుంచి దూసుకుపోతే గాలికి బండి ఊగింది. ఎత్తైన, తేలికైన బండికి అది తప్పదు. ఇక్కడ నిజం చెప్పకపోతే ఈ కాలమ్ రాయడం దండగ. ఈ బండికి ఎయిర్‌బ్యాగుల్లేవు, ఏబీఎస్ లేదు. కొత్త కార్లన్నిటికీ డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది 2019 జులై నుంచే. గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ ఢీకొట్టించి పరీక్షిస్తే, దీని తర్వాతి తరం వ్యాగనార్‌కే పెద్దల రక్షణలో 5 నక్షత్రాలకు 2019లో 2, 2023లో 1 వచ్చాయి. కాబట్టి పెదవేగి నుంచి ఏలూరుకు, తాడేపల్లిగూడేనికి సరే. రాత్రిపూట హైదరాబాదు హైవే మీద సినిమా ఛేజింగులకు ఇది బండి కాదు. బాబాయి అక్కడికక్కడే తీర్మానం చేశాడు: "80 దాటకూడదు. వెనక కూర్చున్నవాళ్లూ బెల్టు పెట్టుకోవాలి."

బేరం ఎలా చేశామో చెబుతాను. 'తగ్గించండి, తగ్గించండి' అని గొణగలేదు. కాగితం మీద లెక్క రాశాం. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, చూసుకోండి. 2218 అంటే 2018లో 22వ వారం తయారైందని. నాలుగూ పాతబడ్డాయి, మార్చాలి. బుష్‌లు మార్చాలి. పెట్రోల్లో ఇథనాల్ 2025కల్లా 20 శాతానికి చేరింది గదా, పాత బండికి పెట్రోలు పైపుల రబ్బరు కూడా చూసుకోవాలన్నాడు మేస్త్రి. మొత్తం 22 వేలు తేలింది. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని, పరీక్ష పేపరు దిద్దినట్టు ఒక్కో అంకే చూసి, 18 వేలు తగ్గించారు. 2 లక్షల 12 వేలకు ఖాయం.

ఇక కాగితాలు. హీరోలు పారేసేవీ, మనం పారేయకూడనివీ ఇవే. ఆర్సీలో ఇంకా బ్యాంకు పేరుంది. మాస్టారు అప్పు తీర్చి ఏళ్లయినా ఆ పేరు తీయించలేదు. బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 తెప్పించాం. తర్వాత ఫారం 29, 30 మీద సంతకాలు, పేరు మార్పు. "తర్వాత మార్చుకోవచ్చులే" అనకండి. బండి అమ్మేసినా ఆర్సీలో పేరు మారకపోతే, ప్రమాదం జరిగినప్పుడు బాధ్యత ఆర్సీలో ఉన్నవాడిదే అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మేవాడికీ కొనేవాడికీ ఇద్దరికీ ముప్పే. ఇన్సూరెన్సు మన పేరుకు 14 రోజుల్లో మార్పించుకోవాలి. సింగ్‌నగర్ ఆయన్ని తలుచుకుని థర్డ్ పార్టీతో సరిపెట్టకుండా, వరదకూ దొంగతనానికీ కూడా వర్తించేలా తీసుకున్నాం. సొంత కారు ఆర్సీ మొదటిసారి 15 ఏళ్లకు ఇస్తారు. అంటే ఈ బండికి 2028 వరకు. ఆపైన పరీక్ష చేయించి అయిదేళ్లకు పొడిగించుకోవాలి. ఈ లెక్క తెలియకుండా 2011 మోడల్ 'చవగ్గా' కొనేవాళ్లున్నారు, జాగ్రత్త సుమండీ!

మైలేజీ సంగతి కూడా చెప్పి ముగిస్తాను. కంపెనీ కాగితం మీద లీటరుకు 20 కిలోమీటర్ల పైమాటే. టాంకు నిండా పోయించి, తిరిగి, మళ్లీ నిండా పోయించి తమ్ముడు లెక్క కట్టాడు. ఏసీతో, ఊళ్లో తిరుగుళ్లతో 16 వచ్చింది. పోస్టర్ మీద హీరోకూ పొద్దున్నే లేచిన హీరోకూ ఆమాత్రం తేడా ఉంటుంది.

బండి ఇంటికొచ్చాక మొదటి ప్రయాణం ఆస్పత్రికి కాదు. పిన్ని అడిగింది, "ఏలూర్లో ఏం సినిమా ఆడుతోందిరా?" అని. మోకాలి నొప్పి మొదలయ్యాక ఆమె హాల్లో అడుగుపెట్టి అయిదేళ్లయిందిట. మాలో ఎవరికీ ఆ లెక్క తెలియదు. ఫస్ట్ షోకి బయల్దేరాం. హాలు ముందు తమ్ముడు వెనక తలుపు తెరిచాడు. పిన్ని కుర్చీలోంచి లేచినట్టు లేచి, చీర సర్దుకుని నిలబడింది. తమ్ముడు నా చెవిలో, "చూశావా అన్నయ్యా, స్లో మోషన్!" అన్నాడు.

వచ్చే వారం మళ్లీ తారల కబుర్లతో కలుద్దాం. ఈలోగా ఎవరైనా మీకు మెరిసిపోయే పాత బండి చూపించి "అదృష్టం" అన్నారనుకోండి... నవ్వి, డ్రైవరు సీటు బెల్టు చివరికంటా బయటికి లాగండి.